తప్పు వస్తే ఊరుకో

పదకొండో ఫైలు కూడా అదే పాట పాడింది. తెరవగానే పైన పసుపు పట్టీ, మధ్యలో తెల్ల పెట్టె, పెట్టెలో అదే వాక్యం: కనెక్షన్ విఫలమైంది, సర్వర్ దొరకలేదు. దొరక్క ఎక్కడికి పోతుంది, ఈ గోడ అవతలి చల్లటి గదిలోనే ఉంది, కొత్త పేరు పెట్టుకుని. నిన్న ఆదివారమంతా అప్‌గ్రేడ్ అన్నారు. కంపెనీ నుంచి ముగ్గురొచ్చి పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు, ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నిటికీ షీట్ల ప్రోగ్రామ్ కూడా కొత్తది ఎక్కించారు, అంతా సజావుగా జరిగిందని కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్లిపోయారు. నా నలభై ఒక్క షీట్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అవి పాపం ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నాయి, ఇల్లు ఖాళీ చేసిన మనిషిని పాత వాకిట్లో నిలబడి పిలిచినట్టు. డేటా, కనెక్షన్లు, ప్రాపర్టీస్, ఆ పొడవాటి వరుసలో పాత పేరు చెరిపి కొత్త పేరు, షీటుకీ సర్వర్‌కీ మధ్య మాట మోసే డ్రైవర్ దగ్గర పాతది తీసి కొత్తది, టెస్ట్, ఓకే, రిఫ్రెష్. ఒక్కోదానికి నిమిషంన్నర. పదకొండు అయ్యాయి, ముప్ఫై ఉన్నాయి. గడియారం ఏడుంపావు చూపిస్తోంది. నా బస్సు ఎనిమిదిన్నరకి.

నిజానికి ఈరోజు నేను సెలవులో ఉన్నాను. పొద్దున ఆరింటికి సూపరింటెండెంట్ గారు ఫోన్ చేసేసరికి అద్దం ముందు నిలబడి, ఇంటర్వ్యూ కోసం వేసుకున్న నీలం బట్టల మడతలు సరిచేసుకుంటున్నాను. "ఒక్క గంట పనమ్మా. నీ చేతికి అలవాటైన పనే కదా. నువ్వు లేకపోతే ఇక్కడ ఆకు కూడా కదలదు" అన్నారు. ఆ చివరి మాట ఆయన పదమూడేళ్లుగా అంటున్నారు. మొదట్లో అది విన్న ప్రతిసారీ లోపల ఏదో వెచ్చగా పాకేది. ఎప్పటినుంచి అది తలుపు గడియ పడ్డ చప్పుడులా వినిపించడం మొదలైందో గుర్తులేదు. మా ఆయన వంటగదిలోంచి "మళ్లీ నువ్వేనా?" అన్నారు. మా అమ్మాయి పళ్లు తోముకుంటూ, నోటి నిండా నురగతోనే, "ఈసారి కూడా వెళ్లకపోతే నేను నీతో మాట్లాడను, చెప్తున్నా" అంది. ఈసారి కూడా అంటే, ఇంతకు ముందు రెండుసార్లు. ఒకసారి వైరస్ పడి ఫైళ్లన్నీ మూగబోయాయి, ఇంకోసారి తనిఖీ వాళ్లొచ్చారు. వెళ్తానే అన్నాను, గంటే కదా అన్నాను, బట్టలు మార్చకుండా వచ్చేశాను.

పన్నెండు. పదమూడు. ఈ గదికి కిటికీ లేదు. ఆసుపత్రి నేలమాళిగలో, రికార్డుల గది పక్కన, తల మీద నీళ్ల గొట్టాలు పోతుంటాయి. పైన ఎవరో కుళాయి తిప్పితే నా నెత్తి మీద గలగలమంటుంది, చినుకు మాత్రం కనపడదు. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో తెలియాలంటే లోపలికి వచ్చేవాళ్ల చెప్పులు చూడాలి. నగరం ఆ చివర పాత పటాల గ్రంథాలయం ఉంది, ఇంటర్వ్యూ అక్కడే. నదులు దారి మారకముందు గీసిన పటాలు, ఊళ్లు పేర్లు మార్చుకోకముందు గీసినవి, వాటిని ఒక్కొక్కటీ విప్పి చూసి జాబితా రాసే పని. మూడో అంతస్తు. బస్సులో వెళ్తూ చూశాను, వరసగా తొమ్మిది కిటికీలు, ఒక కిటికీ రెక్క తెరిచి ఉంది, ఒకావిడ కప్పు పట్టుకుని ఊరికే కిందికి చూస్తోంది. ఊరికే. ఎంతసేపటినుంచి చూస్తోందో. పధ్నాలుగు. నేను ఊరికే చూసి ఎన్నాళ్లయింది. నేను చూసే ప్రతిదీ ఏదో ఒక గడిలో పెట్టాల్సిందే.

ఈ షీట్లు పెట్టమని నన్ను ఎవరూ అడగలేదు, అదీ సంగతి. రిజిస్టర్లు రాయడానికి గుమాస్తాగా చేరాను. ఒకరోజు డయాలసిస్ వార్డు పెద్ద సిస్టర్ దిగివచ్చి, ఏ రోగి ఏ మిషన్ మీదో రోజూ చేత్తో రాసుకోలేక చస్తున్నాం, నువ్వేమైనా చెయ్యగలవా అంది. రెండు రాత్రులు కూర్చుని నేర్చుకుని, డేటాబేస్ నుంచి పేర్లు వాటంతటవే వచ్చి గడుల్లో పడేలా ఒక షీటు చేసిచ్చాను. పెద్ద సిస్టర్ అది చూసి నా బుగ్గ గిల్లింది. అంతే, మందుల గది వాళ్లొచ్చారు, ఆపరేషన్ల వాళ్లొచ్చారు, అంబులెన్సుల వాళ్లొచ్చారు. ప్రతి ఒక్కరూ నవ్వుతూ వచ్చి ఒక్కో ముడి వేసి వెళ్లారు, ఆ ముడులన్నిటికీ నేనే మురిసిపోయాను. బదిలీకి మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ అర్జీ అడుగున ఒకే రాత: ఈమె సేవలు ఇక్కడ అత్యవసరం. పదిహేడు. పద్దెనిమిది.

చిన్నప్పుడు ఒకసారి దాగుడుమూతల్లో చెక్క బీరువాలో దూరాను. తలుపు లాక్కున్నాక బయట గడియ దానంతటదే జారి పడింది. లోపల పాత దుప్పట్ల వాసన, చీకటి, చెక్క సందులోంచి ఒక గీతంత వెలుగు. బయట పిల్లలు నా పేరు పెట్టి పిలుస్తున్నారు, ఆ మంచం కింద చూడు, ఆ తలుపు వెనక చూడు అనుకుంటున్నారు. అరిస్తే ఆట పోతుంది కదా. అందుకని అరవలేదు. వాళ్లు వెతికి వెతికి విసిగి, వేరే ఆటకి వెళ్లిపోయిన చప్పుడు కూడా విన్నాను. అయినా అరవలేదు. సాయంత్రం దుప్పటి కోసం బీరువా తీసిన అమ్మ కెవ్వుమంది. "నోరు లేదుటే నీకు?" అని వీపు మీద ఒక్కటిచ్చి, ఆ వెంటనే గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఆ అమ్మే, నా పెళ్లికి ముందురోజు జడ అల్లుతూ, ఏదైనా తేడా వస్తే ఊరుకోమ్మా, పట్టించుకోకు, ముందుకి పోతూ ఉండు, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి అంది. రెండు మాటలూ ఒకే నోటివి. నేను రెండోదే నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను.

ఇరవై రెండు. ఇరవై మూడు, డయాలసిస్ వార్డు షీటు. ఇది మాత్రం మాట్లాడకుండా తెరుచుకుంది. పసుపు పట్టీ లేదు, తెల్ల పెట్టె లేదు. పన్నెండు వరుసలూ నిండుగా ఉన్నాయి, మిషన్ నంబరు, రోగి, బరువు, ఏ సూది, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలా వద్దా, అన్నీ తీరుగా, రంగులతో సహా. అమ్మయ్య అనుకున్నాను. నా మొదటి షీటు, ఎంతైనా పెద్దబిడ్డ, తల్లిని ఇబ్బంది పెట్టదు అని నవ్వుకున్నాను కూడా. నా కాగితం మీద ఇరవై మూడు ఎదురుగా టిక్కు పెట్టి, నిమిషంన్నర కలిసొచ్చిందని ఇరవై నాలుగుకి వెళ్లిపోయాను. ఆ టిక్కు ఎంత దర్జాగా పెట్టానో ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది.

ఇరవై తొమ్మిది. చేతులు పనిచేసుకుపోతున్నాయి, మనసు ఇంటర్వ్యూలో కూర్చుంది. అక్కడ ఎందుకు మానేస్తున్నారు అని అడుగుతారు. ఏం చెప్పాలి? కిటికీ కోసమని చెబితే నవ్వుతారేమో. అక్కడ మంచివాళ్లు కాదా అంటే, మంచివాళ్లేనండి, అదే కష్టం అని చెప్పనా? ముప్ఫై మూడు. పొద్దున గేటు దగ్గర కాపలాదారు అన్న మాట ఒకటి ఇందాకటినుంచి మనసులో ఒక పక్కన కూర్చుని ఉంది, వినే తీరిక లేక నేనే దాన్ని కూర్చోబెట్టాను. "ఊలు పిన్నిగారు శనివారం రాత్రి పోయారటమ్మా" అన్నాడు. ఊలు పిన్నిగారంటే వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వచ్చే పెద్దావిడ. ఎడమ చేతికి సూదులుంటే కదపకూడదు కదా, అందుకని కుడి చేత్తోనే, ఊలు అల్లే పుల్లని చంకలో ఇరికించుకుని, నాలుగు గంటలూ అల్లేది. నాకూ ఒక టోపీ అల్లి ఇచ్చింది. నేలమాళిగలో చలి ఎక్కువట కదా అని. అయ్యో అనుకుని లోపలికి వచ్చాను. అయ్యో తరవాత ఇంకేమీ అనుకోలేదు, పని ఉంది కదా.

ముప్ఫై ఎనిమిదో ఫైలు, ఫిల్టర్ల జాబితా. ఏ మిషన్‌కి ఎవరి ఫిల్టరు బిగించాలో చెబుతుంది. పేరు మార్చాను, డ్రైవర్ మార్చాను, రిఫ్రెష్ కొట్టాను, వరుసలు ఒక్కసారి కదిలి సర్దుకున్నాయి. ఆరో మిషన్ ఎదురుగా ఖాళీ. అవును మరి, పిన్నిగారు లేరు కదా, ఖాళీయే ఉంటుంది, అనుకుని మూసేయబోయాను. మూసేయబోయిన వేలు మౌస్ మీద ఆగిపోయింది. ఇందాక వార్డు షీటులో ఆరో వరుస ఖాళీగా లేదు. చూశాను కదా. పన్నెండు వరుసలూ నిండుగా ఉన్నాయని కదా ముచ్చటపడ్డాను. శనివారం రాత్రి పోయిన మనిషి ఆ షీటులో ఈ పొద్దున ఎనిమిదింటికి ఆరో మిషన్ మీద పడుకోబోతోంది.

ఇరవై మూడో ఫైలు మళ్లీ తెరిచాను. అంతే ప్రశాంతంగా తెరుచుకుంది. పిన్నిగారి పేరు, ఆవిడ బరువు, ఆవిడ సూది. ఇది పాడవలేదు అనుకున్నాను, పాడయ్యే ఊరుకుంది. శనివారం మధ్యాహ్నం దాకా తెచ్చుకున్న వివరాలనే పట్టుకుని, ఇవే ఈరోజువి అన్నట్టు కూర్చుంది. ఎందుకు మాట్లాడలేదు ఇది, మిగతావన్నీ గగ్గోలు పెడుతుంటే? లోపలి కోడ్ తెరవక్కర్లేకుండానే జవాబు తెలుసు నాకు. తెరిచాను. పైనుంచి నాలుగో వరుస. నేనే రాసిన వరుస. ఎనిమిదేళ్ల కిందట నెట్‌వర్క్ మాటిమాటికీ తెగుతుండేది. ఆ తెల్ల పెట్టెలు చూసి పెద్ద సిస్టర్‌కి చిర్రెత్తుకొచ్చింది. "ఈ గోల నాకొద్దే తల్లీ, దాని నోరు మూయించు" అంది. మూయించాను. ఒక మధ్యాహ్నం, పావుగంట పని. ఆ వరుసకి అర్థం ఇంతే: తప్పు వస్తే ఊరుకో, ముందుకి పో. నాకు ఇంతకంటే బాగా తెలిసిన వాక్యం ఈ లోకంలో ఇంకొకటి లేదు. దాన్ని తీసుకెళ్లి పన్నెండు మంది రక్తం తిరిగే చోట పెట్టాను.

పేరు మార్చాను, వేళ్లు తడబడి రెండుసార్లు తప్పు కొట్టాను, డ్రైవర్, టెస్ట్, రిఫ్రెష్. షీటు ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. ఆరో వరుస ఖాళీ అయింది. తొమ్మిదో వరుసలో బరువు మారింది. నాలుగో వరుసలో, దర్జీ తాత ఎదురుగా, హెపారిన్ గడిలో ఆకుపచ్చ పోయి ఎరుపు వచ్చింది. వద్దు. రెండు వారాలు. కుడి కంటి లోపల రక్తస్రావం. శనివారం సాయంత్రం నాలుగింటికి డాక్టరు ఎక్కించిన మాట అది. గడియారం ఎనిమిదీ ఆరు. మొదటి షిఫ్టు ఎనిమిదింటికి. సూదులు పెట్టగానే హెపారిన్ ఇస్తారు. కంట్లో రక్తం కారుతున్న మనిషికి రక్తం పలచబడే మందు. బట్టలు కుట్టే మనిషికి. ఒక కన్ను ఎప్పుడో పొర కమ్మి పోయింది ఆయనకి, ఉన్నది ఆ కుడి కన్నే.

వార్డుకి ఫోన్ కొట్టాను. ఎంగేజ్. మళ్లీ కొట్టాను. ఎంగేజ్. పొద్దున పూట చుట్టాలందరూ చేస్తుంటారు, తెలుసు. లేచి పరిగెత్తాను. నేలమాళిగ తలుపుకి కార్డు చూపిస్తేగానీ తెరుచుకోదు, కార్డు బల్ల మీదే ఉండిపోయింది, వెనక్కి పరిగెత్తాను, మళ్లీ తలుపు, దానికి ఎప్పటిలాగే మూడు క్షణాల ఆలోచన, తెరుచుకో, తెరుచుకో తల్లీ. లిఫ్టు నాలుగో అంతస్తులో ఉంది. మెట్లు. రెండంతస్తులు, మలుపు, మలుపు, ఎదురొస్తున్న స్ట్రెచర్‌కి దారి ఇచ్చి గోడకి అతుక్కున్నాను, గోడ తడి, నీలం బట్టల మీద భుజం నుంచి కింది దాకా సున్నం. నలభై ఆరేళ్ల మోకాళ్లు నన్ను తిట్టాయి. అంతసేపూ నా బుర్ర ఒకటే పని చేసింది: ఇచ్చేసి ఉంటారు, ఇవ్వలేదు, ఇచ్చేసి ఉంటారు, ఇవ్వలేదు.

వార్డులో మిషన్లు తిరుగుతున్నాయి. నాలుగో మంచం దగ్గర పెద్ద సిస్టర్ చేతిలో సిరంజి పట్టుకుని వంగి ఉంది. దర్జీ తాత పడుకునే, సూదులున్న చెయ్యి కదపకుండా, రెండో చెయ్యి అడ్డం పెట్టాలా వద్దా అన్నట్టు గాల్లో ఆపి ఏదో చెబుతున్నాడు.

"అది కాదమ్మా, శనివారం కంటి డాక్టరుగారు ఆ మందేదో ఇప్పుడు వద్దన్నారు. ఈ డాక్టరుగారికీ చెప్పానన్నారు."

"చెప్పి ఉంటే ఇందులో వచ్చేది కదా తాతా. ఇదిగో చూడండి, ఇవ్వమనే ఉంది. పొద్దున తీసిన కాగితం ఇది."

తాత చెయ్యి దించేశాడు. "కంప్యూటర్లో ఉందంటే సరేలెండి. నాదే పొరపాటేమో" అన్నాడు.

"ఆపండి!" అన్నాను. అన్నానో అరిచానో. మంచాల మీదివాళ్లందరూ నావైపు తిరిగారు. పదమూడేళ్లలో ఆ వార్డులో నా గొంతు ఎవరూ అంత పెద్దగా విని ఉండరు. నేను కూడా.

పెద్ద సిస్టర్ సిరంజి పైకెత్తి పట్టుకుంది. మందు పూర్తిగా ఉంది. ఊపిరి అందక మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి, కాగితం శనివారంది, తాత చెప్పిందే నిజం, హెపారిన్ వద్దు, తొమ్మిదో మంచం బరువు కూడా మారింది, చూడండి. ఆవిడ వార్డు కంప్యూటర్ దగ్గరికి నడిచింది, షీటు మూసి తెరిచింది, ఎరుపు గడి చూసింది. తొమ్మిదో మిషన్ దగ్గర తన చేత్తోనే అంకె మార్చింది. తిరిగి వచ్చి సిరంజిని ట్రేలో పెట్టింది.

"పిన్నిగారి పేరు ఇంకా ఉంటే పెన్నుతో నేనే కొట్టేశాను" అంది నెమ్మదిగా. "మీ వాళ్లింకా తీయలేదేమో అనుకున్నానే గానీ, మొత్తం కాగితమే పాతదని నాకు తట్టలేదు. ఇదేమిటమ్మా ఇలా చేసింది? పాడైతే పాడయ్యానని చెప్పాలి కదా!"

"చెప్పకుండా చేసింది నేనే సిస్టర్. మీరప్పుడు గోల వద్దన్నారని."

ఆవిడకి గుర్తొచ్చింది. మొహం చూస్తే తెలిసింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. అలా ఆవిడ కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇద్దరి మధ్యా ఆ కాగితం ఉంది, ఆరో వరుస మీద నీలం పెన్ను గీతతో.

ఈలోగా వార్డు ఫోన్ మోగింది, సూపరింటెండెంట్ గారు నాకోసమే. ఎవరో అప్పుడే మోసేశారు. "ఏమీ కాలేదు కదమ్మా? ఇవ్వలేదు కదా? దేవుడి దయ. సరిచేశావు, అయిపోయింది. దీన్ని ఇక ఎక్కడా ఎత్తకు, ఊరుకో. అప్‌గ్రేడ్ బాగా జరిగిందని పైకి రాసిచ్చాం మనం." తల ఊపబోయాను. ఫోన్‌లో తల ఊపితే కనపడదు, అయినా మెడ దానంతటదే వంగబోయింది, అంత అలవాటు. "ఊరుకోలేనండి" అన్నాను. "జరిగింది రాసిస్తాను. తప్పు నాదని కూడా రాస్తాను. ఈ షీట్లు ఎలా పనిచేస్తాయో నాకొక్కదానికే తెలియడం రెండో తప్పు, అదీ రాస్తాను. నేర్చుకోవడానికి ఇద్దరిని ఇవ్వండి." ఆయన దగ్గారు. "అది నీకే ఇబ్బందవుతుందమ్మా, ఆలోచించుకో" అన్నారు. బెదిరింపుగా అనలేదు. ప్రేమగానే అన్నారు. ఇన్నేళ్లూ అందుకే కదా అది నా నోరు మూయించడమని తెలియలేదు.

ఎనిమిదీ ఇరవై ఐదు. పరిగెత్తితే బస్సు దొరుకుతుంది. పెద్ద సిస్టర్ నా బట్టలు ఎగాదిగా చూసి, "ఎక్కడికో వెళ్లాలన్నట్టున్నావ్, వెళ్లు, ఇక మేం చూసుకుంటాం" అంది. మూడు ఫైళ్లే మిగిలాయి, నిజమే. కానీ పైకి అరిచిన షీట్లలోనూ లోపల నోరు మూయించిన చోట్లు ఇంకెన్ని? ఎనిమిదేళ్ల కిందట ఆ వరుస బాగా పనిచేసిందని మురిసిపోయి ఇంకెక్కడెక్కడ అతికించాను? మందుల గదిలోనా? ఆపరేషన్ల జాబితాలోనా? నేను మాత్రమే వెతకగలిగిన చోట నేను మాత్రమే దాచాను. ఎవరూ నన్ను పట్టుకోలేదు, తలుపు తెరిచే ఉంది, బస్టాండు వీధి చివరే. కాళ్లు కదలలేదు.

నడవాలో నిలబడి గ్రంథాలయానికి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది, గొంతు మెత్తగా ఉంది, కప్పు పట్టుకున్న ఆవిడేనేమో అనిపించింది. రాలేనండి అన్నాను. "పది దాకా చూస్తాం, మీరు ఆఖర్న వచ్చినా పర్వాలేదు" అంది. పదికి కూడా అవ్వదండి అన్నాను. "కారణం ఏమని రాయమంటారు?" అని అడిగింది. పని ఉందని రాయండి అన్నాను. ఆవిడ రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "మళ్లీ ఎప్పుడు తీసుకుంటారో చెప్పలేమండి" అంది. సరేనండి అన్నాను. మా అమ్మాయికి సాయంత్రం ఏం చెప్పాలా అని అక్కడే కాసేపు గోడకి ఆనుకుని ఉన్నాను. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బావుండేది.

మందుల గది షీట్లలో రెండు, అంబులెన్సుల దాంట్లో ఒకటి దొరికాయి, నోరు మూసుకున్నవి. వార్డు షీటుతో కలిపి నాలుగు చోట్లా ఆ వరుస తీసేశాను. ఇక తప్పొస్తే ఎర్రగా అరుస్తాయి, పని ఆపేస్తాయి, అందరూ నన్ను తిడతారు. తిట్టనీ. పైన ప్రతి షీటులోనూ ఈ వివరాలు ఏ రోజు ఏ గంటవో పెద్దక్షరాలతో పడేలా చేశాను. పదకొండింటికి మళ్లీ వార్డుకి వెళ్లాను, చూసి వద్దామని. దర్జీ తాత మిషన్ ఇంకో గంటలో ఆగుతుంది. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"ఆ కాగితం రాసేది నువ్వేనటగా అమ్మా. సిస్టరమ్మ చెప్పింది."

"నేనేనండి. ఈ పొద్దున తప్పు నాదే."

"తప్పు సంగతి ఉంచు. నాకొకటి చెప్పు. అందులో అన్నిటికీ గడులున్నాయి కదా, నా బరువుకి, సూదికి, మందుకి. నేను చెప్పిందానికి గడి లేదేం?"

ఆయన నవ్వుతూనే అడిగాడు. మిషన్ చప్పుడులో ఆయన రక్తం గొట్టంలోంచి వెళ్లి వస్తోంది. ఇన్నేళ్లలో ఈ షీటుకి పందొమ్మిది గడులు చేర్చాను. అడిగినవాళ్లందరూ అడిగారు, డాక్టర్లు, సిస్టర్లు, స్టోరు వాళ్లు. మంచం మీద ఉన్నవాళ్లని అడగాలని నాకు తోచలేదు. నన్నూ ఎవరూ అడగలేదు గనకనేమో.

వార్డు కంప్యూటర్ దగ్గరే కూర్చుని ఇరవయ్యో గడి పెట్టాను. పైన ఏం పేరు పెట్టాలో చాలాసేపు ఆలోచించి, మనిషి చెప్పింది అని పెట్టాను. దానికి ఏ కనెక్షనూ ఇవ్వలేదు. ఏ సర్వర్ నుంచీ ఏదీ రాదు, పన్నెండు వరుసల్లోనూ ఖాళీ. మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యాక కొత్త కాగితం తీసి పెద్ద సిస్టర్‌కి ఇచ్చాను. కళ్లద్దాలు సరిచేసుకుని ఆ గడి చూసింది. "నాకింకో పని పెట్టావన్నమాట" అని గొణిగింది. పెన్ను తీసుకుని, మొదటి మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఒక్కో మంచం దగ్గరా ఏదో అడుగుతోంది, వింటోంది, రాస్తోంది. కొందరు ఏమీ లేదని చెయ్యి ఊపుతున్నారు. ఎనిమిదో మంచం మీద సన్నటి ఆవిడ మాత్రం తల ఎత్తి మరీ చెబుతోంది, పెద్ద సిస్టర్ రాయడం ఆపి వింటోంది. చివరికి కాగితం నా చేతికి వచ్చింది. ఎనిమిదో వరుసలో, పెద్ద సిస్టర్ చేతిరాతలో, గడి దాటి పక్క గడిలోకి పాకుతూ, ఇలా ఉంది: పైన ఫ్యాన్ గాలికి చేతులు కొంకర్లు పోతున్నాయట. ఏడాదిగా చెబుతున్నారట.

స్విచ్ ఎక్కడుందో వెతికి ఫ్యాన్ ఆపాను.